మాడు పూడే వేళ

బిడ్డ నడినెత్తిన మెత్తగా, వేలు పెడితే లోపలి నాడి తగిలే చోటు ఒకటుంటుంది. దాన్నే మాడు అంటాం. అది ఎప్పుడు పూడుతుందా అని ఏ ఇంట్లోనైనా ఎదురుచూస్తారు, పూడితే పిల్ల గట్టిపడిందని సంబరపడతారు. డాక్టర్ వకుళకు దేవుళ్ళతో పెద్దగా పరిచయం లేదు. అలాంటి మనిషి ఈ పన్నెండు రోజులుగా కనిపించిన ప్రతి గుడి ముందూ ఆగి, అలివేలు మాడు పూడకుండా చూడు తండ్రీ అని మొక్కుకుంటోంది.

ఆ మంగళవారం పొద్దున అలివేలు పరీక్షబల్ల మీద కూర్చుని వకుళ స్టెతస్కోపు గొట్టాన్ని చెరకుముక్కలా నములుతోంది. పదమూడు నెలల పిల్ల. పైన రెండు పళ్ళు, కింద రెండు. తలకు నీలంరంగు కుల్లాయి, దానికి వేలాడుతూ ఒక సన్నటి తీగ, ఆ తీగ చివర సబ్బుపెట్టె అంత డబ్బా. వకుళ కుల్లాయి అంచు కింద నుంచి చూపుడువేలు దూర్చి తడిమింది. పోయిన నెల రెండు వేళ్ళు పట్టిన చోట ఇప్పుడు వేలికొన కూడా పూర్తిగా పట్టడం లేదు.

"పూడవట్టింది గదా డాక్టరమ్మా!" అంది కుర్మమ్మ. పిల్ల నాయనమ్మ ఆమె. అరవై దాటినా నిటారుగా ఉంటుంది, మాట కూడా అంతే నిటారు. "ఇంకో నెల వోతే రాయి లెక్కయితది సూడు."

"నూనె పెట్టడం లేదు కదా? కుల్లాయి కింద జెల్ తప్ప ఇంకేదీ పెట్టకూడదని చెప్పాను."

"నువ్వు ఒద్దన్నంక పెడ్తనా అమ్మా?" అంది కుర్మమ్మ, గోడమీది కేలండరును శ్రద్ధగా చూస్తూ.

పిల్ల తల్లి నవనీత పక్కనే నిలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి వకుళ తల దించుకుంది. చెప్పాల్సిన మాట పన్నెండు రోజులుగా గొంతులోనే ఉంది.

అలివేలు ఏడో నెలలోనే, తొమ్మిది వందల గ్రాములతో పుట్టింది. అలాంటి పిల్లల మెదడులో రక్తనాళాలు ఉల్లిపొరకన్నా పలచన. ఏడిస్తే రక్తం పొంగుతుంది, సొమ్మసిల్లితే జారుతుంది. ఆ పొంగుకు నాళం చిట్లిందంటే పిల్ల దక్కదు, దక్కినా మనిషి కాదు. ఎదిగిన మనిషి మెదడు తన నాళాలను తానే బిగించుకుంటుంది, తానే వదులు చేసుకుంటుంది. ఈ పిల్లలకు ఆ విద్య ఇంకా రాదు. మాడు మీద అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి లోపల రక్తం ఎలా పారుతోందో చూడటం వకుళ రోజూ చేసే పని. చూస్తూ చూస్తుండగానే పిల్లలు పోయేవాళ్ళు. అలా పోయిన ఒక పిల్ల తర్వాత, ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే ఇంజనీరు ఖలీల్‌ని పిలిచి, "చూసేది చూస్తూ ఊరుకోకుండా ఏదైనా చేస్తే బాగుండు" అంది.

మూడేళ్ళకు ఖలీల్ కుల్లాయి చేసిచ్చాడు. చెవికి వినపడని శబ్దాన్ని అది మాడు గుండా లోపలికి పంపుతుంది. తిరిగొచ్చిన శబ్దాన్ని బట్టి రక్తం పొంగుతోందో జారుతోందో కనిపెడుతుంది. పొంగితే చిన్నగా తట్టి నాళాన్ని బిగిస్తుంది, జారితే ఇంకోలా తట్టి వదులు చేస్తుంది. పదిహేడు మంది పిల్లలకు పెట్టారు. ఒక్కరి మెదడులోనూ చుక్క నెత్తురు కారలేదు. పాలమూరులో ఇంత పని జరిగిందా అని పత్రికలవాళ్ళు వచ్చి ఫొటోలు తీసుకుపోయారు.

పదిహేడు మందిలో మొదటివాడు వనపర్తి నుంచి వచ్చిన చరణ్. వాడికి పదహారో నెలలో మాడు పూడింది. ఎముక అడ్డం పడ్డాక కుల్లాయి శబ్దం లోపలికి పోదు. ఇక దాంతో పని లేదని వకుళే తన చేత్తో తీసేసి, వాడికి చాక్లెట్ ఇచ్చి, వాడితో, వాడి తల్లి సుకన్యతో ఫొటో దిగింది. అప్పటినుంచి మగతగా పడుకునే ఉన్నవాడు నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. మూడు రోజులు కళ్ళు తెరవకుండా ఉండి వెళ్ళిపోయాడు.

"జెల్ మార్చినప్పుడు తప్ప ఒక్కసారి గూడ కుల్లాయి తియ్యలే మేడం," అని సుకన్య ఏడుస్తూ వకుళ చేతులు పట్టుకుంది. "మీరు చెప్పినట్టే చేసినం. నిద్దట్ల గూడ తియ్యలే."

*

వాడు పోయిన వారానికి వకుళ, ఖలీల్ కలిసి ఒక పరీక్ష చేశారు. వార్డులో జోయెల్ అని తొమ్మిది నెలల పిల్లవాడున్నాడు. వాడి తల్లిని ఒప్పించి, పక్కన అన్ని ఏర్పాట్లూ చేసుకుని, వాణ్ణి లేపి కూర్చోబెట్టి, కుల్లాయి తట్టడం ఆపేసి వినడం మాత్రం ఉంచారు. ఖలీల్ సెకన్లు లెక్కపెట్టాడు. పది దాకా ఏమీ లేదు. జెల్ మార్చేటప్పుడు ఆ పది సెకన్లు ఎటూ తీస్తూనే ఉంటారు. ఇరవై దగ్గర తెరమీది గీత కిందకి జారడం మొదలైంది. ముప్పై దగ్గర వాడి పెదవుల్లో రంగు పోయింది. నలభై దగ్గర మెడ వాలిపోయింది.

"పెట్టెయ్!" అని అరిచింది వకుళ.

తట్టడం మొదలవగానే గీత లేచింది, వాడూ కళ్ళు విప్పాడు. వాడి మెదడుకు తన రక్తాన్ని తాను చూసుకోవడం రాదు. నేర్చుకునే అవసరమే రానివ్వలేదు వాళ్ళు.

"మేడం, మనం సంకనెత్తుకుని తిప్పినం, నడక నేర్పలే," అన్నాడు ఖలీల్.

మిగిలిన పదహారు మందిలో అందరికన్నా ముందు మాడు పూడేది అలివేలుకి. ఎముక కలవడానికి మూడు వారాలో నాలుగు వారాలో. ఆ లోపు ఏదో ఒకటి చెయ్యాలి. హైదరాబాదులో మెదడు ఆపరేషన్లు చేసే పెద్దాయన ఒక్క దారి చెప్పాడు. పుర్రెలో రూపాయి బిళ్ళంత చిల్లు కోసి, పలచటి పొర వేసి, కిటికీని శాశ్వతంగా తెరిచి ఉంచాలి. కోసేటప్పుడు కుల్లాయి తీయాల్సి వస్తుంది కదా అని వకుళ అడిగితే ఆయన, "మూడు నిమిషాలు. దక్కితే దక్కుతుంది," అన్నాడు. శుక్రవారానికి రమ్మన్నాడు.

ఆ మంగళవారం, కుర్మమ్మ పిల్లను ఎత్తుకుని బయటికి వెళ్ళాక, వకుళ తలుపు మూసి నవనీతకు అంతా చెప్పింది. ఏదీ దాచలేదు.

నవనీత విని, ముందు అర్థం కానట్టు చూసింది. "అంటే నెత్తి గట్టిపడ్డనాడు నా బిడ్డ సచ్చిపోతదా మేడం?"

"అలా కాకుండానే ఆపరేషను..."

"దానికి నెత్తి గట్టిపడాల్నని మన్యంకొండ దేవునికి మొక్కిన. అలివేలుమంగమ్మ పేరు వెట్టుకున్న." ఆమె కుర్చీలో ముందుకు వంగిపోయింది. "మీరే బతికించిన్రు గదా మేడం. మల్ల మీరే గిట్ల జెప్తరేంది?"

తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. నవనీత కళ్ళు తుడుచుకుని లేచి, "అత్తమ్మకు జెప్పకున్రి, ఓర్సుకోలేదు," అని మాత్రం అంది.

*

బుధవారం మధ్యాహ్నం ఖలీల్ ఫోన్ చేశాడు. "మేడం, జెర కిందికి రారాదు. జల్ది."

హైదరాబాదు డాక్టరు కోసం అతను అలివేలు లెక్కలన్నీ తీస్తున్నాడు. ఇంటి దగ్గర కుల్లాయి విన్నదంతా డబ్బాలోంచి ఆసుపత్రికి వస్తూనే ఉంటుంది. కానీ ఇన్నాళ్ళూ వాళ్ళు చూసింది రోజు మొత్తానికి వచ్చే సగటు ఒక్కటే. పదిహేడు మంది పిల్లలు, చూసేవాళ్ళు ఇద్దరు. సగటు బాగుంటే సంతకం పెట్టి పక్కన పెట్టేవాళ్ళు. రక్తం నిదానంగా, ఒడిదుడుకులు లేకుండా పారుతున్నంతసేపూ డబ్బా అరవదు. అది అరవకపోతే వీళ్ళకూ దిగులుండేది కాదు.

"పొద్దున ఏడు దాటినంక సూడున్రి," అన్నాడు ఖలీల్.

నిమిషానికి నూట ఇరవై సార్లు కొట్టుకుంటున్న నాడి ఏడూ పదికి ఉన్నట్టుండి అరవై ఎనిమిదికి పడిపోయింది. ముప్పావు గంట అలాగే ఉంది. మళ్ళీ ఒక్కసారిగా నూట ఇరవై. అంతకుముందు రోజూ అంతే. దాని ముందు రోజూ అంతే.

వకుళ తెర దగ్గరికి వంగింది. "ఎప్పటినుంచి?"

"ఇంటికి వోయిన నెల నుంచి. ముందుగాల పదిహేను సెకన్లే. తర్వాత ఇరవై. మూడు నెలలకు రెండు నిమిషాలు. ఇప్పుడు ముప్పావు గంట." అతను తెరమీద వేలితో చూపిస్తూ పోయాడు. "రోజురోజుకు పెరుగుతుంది మేడం. గుండె ఆగవట్టిందేమో."

రోజూ పొద్దున ముప్పావు గంటసేపు పిల్ల చావు అంచుదాకా పోయి వస్తోందన్నమాట! అది రోజురోజుకూ ఇంకాస్త దూరం పోతోంది. పది నెలలు తన కళ్ళెదుటే జరిగింది, తను సంతకాలు పెడుతూ కూర్చుంది. వకుళ నవనీతకు ఫోన్ చేసి, గొంతు మామూలుగా ఉంచుకుని, పొద్దున ఏడింటికి పిల్ల ఏం చేస్తుంటుందని అడిగింది.

"నేను పాలకేంద్రానికి వోత మేడం. అత్తమ్మ తాన ఉంటది. ఏమైంది?"

"ఏం లేదు. రేపు ఒకసారి వచ్చి చూస్తాను," అంది వకుళ.

*

దేవరకద్ర దాటాక ఆముదం చేల మధ్య నుంచి మట్టిరోడ్డు. వకుళ ఒళ్ళో చేతిలో పట్టే అల్ట్రాసౌండ్ మిషను, వెనక సీట్లో ఆక్సిజన్ సిలిండరు. ఏడూ పావుకు ఆ ఇంటి ముందు కారు దిగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. పెరట్లోంచి పిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఏడుస్తోంది కాబట్టి బతికే ఉందనుకుంటూ ఇంటి పక్కసందులోంచి పెరట్లోకి పరుగెత్తింది.

పెరట్లో కుర్మమ్మ బండ మీద కూర్చుని రెండు కాళ్ళూ బారచాపింది. ఆ కాళ్ళమీద బోర్లా, ఒంటిమీద నూలుపోగు లేకుండా అలివేలు. తలమీద కుల్లాయి లేదు. నడినెత్తిన ఆముదం ఎండకు తళతళలాడుతోంది.

వకుళ కేక వేయబోయి ఆగింది. కేక వేస్తే ముసలామె ఉలిక్కిపడి పిల్లను వదిలేస్తుందేమో. ఎంతసేపయింది తీసి? తను వచ్చే ముందే ఎంతసేపయి ఉంటుంది? ఆమె పెదవులు వాటంతటవే లెక్కపెట్టసాగాయి. కుర్మమ్మ చెంబుతో వేడినీళ్ళు ముంచి పిల్ల వీపుమీద పోసింది. పిల్ల గుక్కపెట్టింది. గుక్కపెట్టినప్పుడే రక్తం పొంగేది, ఆ పొంగుకే కుల్లాయి చేసింది. ఇరవై. కుర్మమ్మ పిల్లను వెల్లకిలా తిప్పి, చేతులు గుంజి, చంకల్లో పట్టి పైకెత్తింది. పైకెత్తినప్పుడే రక్తం జారేది, చరణ్ అలా నిలబడ్డప్పుడే పోయాడు. ముప్పై. ముప్పై అయిదు. వకుళ గోడ పట్టుకుంది. నలభై.

అలివేలు మెడ వాలలేదు. ఎర్రగా కందిపోయి, పెరడు అదిరేలా ఏడుస్తూ, నాయనమ్మ కొప్పు పట్టుకు లాగింది.

అప్పుడు కనిపించింది డబ్బా. బండ పక్కన పీటమీద, పచ్చదీపం వెలుగుతూ నిశ్శబ్దంగా ఉంది. దాని తీగ వెంట చూపు పోనిచ్చింది వకుళ. కుల్లాయి కుర్మమ్మ ఎడమ మోచేతి మడతలో ఉంది, చీరపేలికతో బిగించి కట్టి.

అరవై ఎనిమిది. అది కుర్మమ్మ నాడి.

"అయ్యో, డాక్టరమ్మా!" కుర్మమ్మ చూసేసింది. దొంగతనం పట్టుబడ్డ మనిషిలా పిల్లను గుండెకు హత్తుకుంది. "తిట్టకు బిడ్డా. పిల్లకు నూనె వెట్టకుంటే మాడు ఎట్ల పూడ్తది? తీస్తే ఆ డబ్బా ఒర్లుతది. పిండిముద్దకు పెట్టి సూసిన, ఒర్లింది. బర్రె చెవుకు పెట్టి సూసిన, ఒర్లింది. నా చేతికి కట్టుకుంటే ఊకున్నది."

వకుళ మోకాళ్ళమీద కూలబడి మిషను తెరిచింది. జెల్ సీసా కారులోనే మరిచిపోయింది. ఉన్న ఆముదం మీదే పరికరం ఆనించింది. పూడగా మిగిలిన ఆ కాస్త సందులోంచి తెరమీద గీత కనపడింది. "మెల్లగా పడుకోబెట్టు. ఇప్పుడు లేపు," అంది.

కుర్మమ్మ పిల్లను లేపి కూర్చోబెట్టింది. గీత జారింది. రెండు శ్వాసలు పట్టిందో లేదో, గీత తనంతట తానే లేచి నిలబడింది. ఎవరూ తట్టలేదు. మళ్ళీ పడుకోబెట్టించింది, మళ్ళీ లేపించింది. పదిసార్లు చేయించింది. పదిసార్లూ లేచింది. వకుళకు ఏడుపు ఆగలేదు. ఆ తడి బండమీదే కూర్చుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

"పిల్ల మంచిగనే ఉన్నదా?" అంది కుర్మమ్మ బెదురుగా.

"మంచిగా ఉంది," అంది వకుళ. శుక్రవారం ఆపరేషను ఇక అక్కర్లేదు. "నువ్వు... మొదటిసారి తీసినప్పుడు ఏమయింది?"

"మొకం తెల్లవడ్డది," అంది కుర్మమ్మ. "నూనె వెట్టి తుడిసేలోపట మెడ ఏలాడేసింది. నా పానం వోయింది. ఎంటనే పెట్టేసిన. మల్ల తెల్లారి, మొకం తెల్లవడక ముందే పెట్టేసిన. ఆ తెల్లారి ఇంకింత సేపు. నడక నేర్పేటప్పుడు చెయ్యి ఇడిసి సూస్తం గదా, పడ్తదంటే పట్టుకుంటం. అట్లనే. నవనీతకు జెప్పలే, భయపడ్తదని."

కోడలు అత్తకు చెప్పలేదు, అత్త కోడలికి చెప్పలేదు. ఎదుటివాళ్ళు భయపడతారని ఎవరి భయాన్ని వాళ్ళు దాచుకున్నారు. పాలకేంద్రం నుంచి నవనీత వచ్చి, బోసితలతో ఆడుతున్న కూతుర్ని చూసి పెట్టిన కేకకు వీధి వీధంతా పోగయింది. వాళ్ళందరికీ విషయం చెప్పి పంపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

వకుళ కారెక్కబోతుంటే కుర్మమ్మ దగ్గరికి వచ్చింది. "ఆ వనపర్తి పిలగానికి ఆల్ల నాయినమ్మ నూనె వెట్టలేదా బిడ్డా?"

ఆమె అడిగిన తీరులో ఎత్తిపొడుపేమీ లేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే.

"పెడతానంది," అంది వకుళ. "నేనే వద్దన్నాను."

*

సోమవారం పొద్దున వార్డులో చాప వేసి కుర్మమ్మ కాళ్ళు చాపి కూర్చుంది. జోయెల్‌ని తెచ్చి ఆ కాళ్ళమీద పడుకోబెట్టారు. వాడి తల్లి పైట చెంగు నోట్లో కుక్కుకుని గోడకు అతుక్కుపోయింది. మిగతా తల్లులు గుమ్మంలో గుంపుగా నిలబడ్డారు. వకుళ కుల్లాయి తీసింది. ఖలీల్ లెక్కపెట్టాడు. పది. పన్నెండు. పదిహేను.

"చాలు," అంది కుర్మమ్మ తెరవైపు చూడనైనా చూడకుండా, వాడి మొహమే చూస్తూ. "ఇయ్యాల్టికి ఇంతే. రేపు ఇంకింత."

పదిహేను సెకన్లు. అలివేలుకు ముప్పావు గంట దాకా రావడానికి పది నెలలు పట్టింది. జోయెల్ మాడు ఇంకా విశాలంగానే ఉంది, వాడికి అన్ని నెలలూ ఉండొచ్చు. కానీ గుమ్మంలో నిలబడ్డ వాళ్ళలో ఇద్దరి పిల్లలకు రెండు వేళ్ళ సందు కూడా లేదు. వాళ్ళకు ఎన్ని నెలలున్నాయో వకుళకు తెలియదు. ఎముకకు చెప్పి ఆపగలిగేవాళ్ళు ఎవరూ లేరు. వాళ్ళ తల్లులు ఆమె మొహంలోకి చూస్తున్నారు, ఆమె చూపు తప్పించుకోలేదు.

మధ్యాహ్నం తన గదిలో అలమర తెరిచింది. మందుల పెట్టెల వెనక చిన్న గాజుసీసా ఉంది. ఏడాది కిందట, చరణ్‌ని ఇంటికి పంపే రోజున, వాడి నాయనమ్మ కొంగున దాచి తెచ్చిన ఆముదం. వార్డులో అందరి ముందూ మందలించి లాక్కుని ఇక్కడ పెట్టింది. తిరిగిస్తాననే అంది, మరిచిపోయింది.

సీసా సంచిలో వేసుకుని వనపర్తి వెళ్ళింది. సుకన్య తలుపు తీసి, ఎవరో గుర్తుపట్టడానికి ఒక్కక్షణం పట్టినట్టు నిలబడి, కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గోడమీద చరణ్ ఫొటో, చేతిలో నీలం కుల్లాయి పట్టుకుని నవ్వుతున్నాడు. వాడి పక్కన వకుళ కూడా నవ్వుతోంది.

"మిగతా పిల్లలు మంచిగున్నరా మేడం?" అంది సుకన్య.

"నేర్చుకుంటున్నారు."

సుకన్య ఖాళీ గ్లాసు అందుకుంది. "నాకు రోజు అదే గుర్తొస్తది మేడం. ఎక్కడ తప్పు చేసిన్నో అని. మీరు చెప్పిన్రని, ఒక్కసారి గూడ తియ్యలే."

వకుళ సంచిలోంచి సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలనే వచ్చానమ్మా," అంది.